ఒప్పుకున్న వేతనం సకాలంలో అందుతున్నప్పుడు దోపిడీ ఎక్కడ ఉన్నట్టు?

ప్రశ్న: జీతాల గుమాస్తా

సభ్యులందరికీ నమస్కారం. బట్టలు కుట్టే ఒక ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా నేను జీతాల పద్దులు రాస్తున్నాను. మా దగ్గర కుట్టేవారికి పీసు రేటు మీద వేతనం లెక్కగడతారు. రెండేళ్ల క్రితం మిషన్లకు కొత్త పరికరాలు బిగించి, పని చేసే పద్ధతిని కూడా కొంత మార్చారు. అంతకుముందు రోజుకు 60 పీసులు కుట్టే మనిషి కొద్ది వారాల్లోనే 80 పీసులకు చేరుకుంది. మొదటి రెండు నెలలు వేతనాలు ఆ మేరకు పెరిగాయి. మూడో నెలలో యాజమాన్యం పీసు రేటును నాలుగో వంతు తగ్గించింది. 80 పీసులను కొత్త రేటుతో హెచ్చవేస్తే వచ్చే మొత్తం, 60 పీసులను పాత రేటుతో హెచ్చవేస్తే వచ్చే మొత్తం ఒక్కటే. ఆ కొత్త రేటును పద్దులోకి ఎక్కించింది నేనే. ఆ నెల జీతం తీసుకున్న ఒకావిడ నా బల్ల దగ్గర నిలబడి, "మేము ఎక్కువ కుట్టామా, తక్కువ కుట్టామా, ఆ ఒక్క మాట చెప్పండి" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

మిషన్లు తమవని, కొత్త పరికరాలకు డబ్బు పెట్టింది తామేనని, రేటు మారుతుందని ముందుగానే నోటీసు అంటించామని, ఇష్టం లేనివారు మానుకోవచ్చని, ఎవరికీ ఒక్క రోజు జీతం కూడా బాకీ లేదని యాజమాన్యం చెబుతోంది. ఈ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. సోషలిస్టు రచనల్లో మాత్రం సరిగ్గా ఇటువంటి ఏర్పాటునే శ్రమ దోపిడీ అంటారు. ఇతరుల సొత్తును బలవంతంగా లాక్కోవడమే దోపిడీ అని నాకు తెలిసిన అర్థం. ఇక్కడ కనిపించేది బలవంతం కాదు, ఒప్పందం. అలాంటప్పుడు ఆ మాట కోపంలో అన్న మాటేనా, లేక నేను రాసే పద్దుల్లోనే నాకు కనిపించకుండా పోతున్న లెక్క ఏదైనా ఉందా? నినాదాలు పక్కనపెట్టి, ఆ లెక్కను ఎవరైనా వివరిస్తే కృతజ్ఞుడిని.

జవాబు: పాత చదువరి

గుమాస్తా గారూ, ఒప్పందంలో మోసం లేదని మీరు అన్న మాటతో కార్ల్ మార్క్స్ ఏకీభవిస్తాడు. 1867లో వెలువడిన "పెట్టుబడి" మొదటి సంపుటంలో, శ్రమశక్తిని కొన్నవాడికి కలిసివచ్చిన లాభం అమ్మినవాడికి జరిగిన అన్యాయమేమీ కాదని, మార్కెట్ నియమాల ప్రకారం రెండు పక్షాలూ సరైన ధరకే మార్పిడి చేసుకున్నాయని ఆయన స్పష్టంగా రాశాడు. దోపిడీ అనే మాటను తిట్టుగా భావించేవారు ఈ చోటును దాటుకుని పోతుంటారు. ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే తప్ప జరగని దోపిడీని పట్టుకోవడానికి పోలీసులు చాలు, సిద్ధాంతం అక్కరలేదు. ఒప్పందాన్ని అక్షరాలా పాటిస్తున్నప్పుడు కూడా లాభం ఎక్కడి నుంచి వస్తోందన్నదే ఆయన వేసుకున్న ప్రశ్న.

ఆయన సమాధానం శ్రమకూ శ్రమశక్తికీ మధ్య ఉన్న తేడాలో ఉంది. కార్మికుడు అమ్మేది తాను చేసిన పనిని కాదు, ఫలానా గంటల పాటు పనిచేయగల తన సత్తాను. ఆ సత్తా ధర, ఆ మనిషీ కుటుంబమూ మర్నాటికి మళ్లీ పనికి రాగలిగేలా బతకడానికి ఎంత కావాలన్నదాని మీద ఆధారపడుతుంది. ఇది కేవలం తిండి గింజల లెక్క కాదని, ఆయా సమాజాల చరిత్ర, అలవాట్లు, పోరాటాలు కూడా అందులో కలిసి ఉంటాయని మార్క్స్ గుర్తుచేస్తాడు. ఆ సత్తాను ఒక రోజంతా వాడుకుంటే పుట్టే విలువ వేరే మొత్తం. ఈ రెండు మొత్తాలకూ మధ్య ఉన్న తేడాయే అదనపు విలువ. యజమాని లాభం, బ్యాంకు వడ్డీ, స్థలం సొంతదారుకు చెల్లే అద్దె ఆ అదనపు విలువలోంచే పంచుకోవలసిన భాగాలు.

వెట్టి చేసిన రైతుకు తన రోజులేవో దొర రోజులేవో తెలిసేది. వారంలో మూడు రోజులు దొర పొలంలో దున్నితే, ఆ మూడు రోజుల చాకిరీ ఎవరికి పోయిందని అడగవలసిన అవసరం ఎవరికీ కలగదు. వేతనం మీద చేసే పనిలో ఆ రెంటినీ విడదీసే గట్టు కంటికి కనిపించదు, ఎందుకంటే ప్రతి గంటకూ డబ్బు ముట్టినట్టే ఉంటుంది. పీసు రేటులో అది మరింత లోతున దాక్కుంటుంది, అక్కడ ప్రతి పీసుకూ పూర్తి మూల్యం చెల్లించినట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు మీ అంకెలనే తీసుకుందాం. పని దినం 8 గంటలనుకోండి. బట్ట, దారం, కరెంటు, మిషను అరుగుదల ఖర్చులన్నీ తీసివేశాక ఒక కార్మికురాలి పని వల్ల కొత్తగా చేరిన విలువను మాత్రమే చూద్దాం. ఆమె రోజు వేతనం 30 పీసులకు చేరిన విలువతో సమానమని ఊహిద్దాం. ఇది లెక్క కోసం నేను పెట్టుకున్న అంకె, మీ ఫ్యాక్టరీలో అది వేరుగా ఉండవచ్చు. రోజుకు 60 పీసులు కుట్టినప్పుడు మొదటి 4 గంటల్లో ఆమె తన వేతనాన్ని తానే సంపాదించుకుంది, మిగిలిన 4 గంటలు యజమానికి పనిచేసింది. 80 పీసులు కుట్టి అదే వేతనం తీసుకున్నప్పుడు, ఆ 30 పీసులు 3 గంటల్లోనే పూర్తవుతాయి. యజమాని వాటా 5 గంటలకు పెరిగింది. గడియారంలో పని దినం మారలేదు, జీతం చీటీలో అంకె మారలేదు, లోపలి గట్టు మాత్రం ఒక గంట జరిగింది. పని గంటలను పొడిగించి రాబట్టే అదనపు విలువను నిరపేక్షమైనదని, ఇలా గట్టును జరిపి రాబట్టేదాన్ని సాపేక్షమైనదని మార్క్స్ అంటాడు. ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

ఒక మాట చేర్చాలి. ఈ అదనపు లాభం మీ యజమాని దగ్గర శాశ్వతంగా నిలవదు. పోటీదారులు కూడా అవే పరికరాలు బిగించాక పీసు ధర మార్కెట్‌లో పడిపోతుంది. అప్పుడు ఎవరూ బిగించని మరో పరికరం కోసం, లేదా మరింత వేగం కోసం ఆయన వెతకక తప్పదు. అందుకే పెట్టుబడిదారులను వ్యక్తులుగా నిందించడం తన ఉద్దేశం కాదని, వారిని ఆర్థిక సంబంధాలకు ప్రతిరూపాలుగా మాత్రమే చూస్తున్నానని ఆ గ్రంథం ముందుమాటలోనే మార్క్స్ చెప్పుకున్నాడు. మీ యజమాని మంచివాడైనా రేటు తగ్గేది, బహుశా ఒకటి రెండు నెలలు ఆలస్యంగా.

జవాబు: అర్థశాస్త్ర అధ్యాపకురాలు

పై వివరణ సిద్ధాంతానికి న్యాయం చేసింది. కానీ ఆ లెక్క మొత్తం ఒక ఊహ మీద నిలబడి ఉంది. కొత్తగా చేరిన విలువ అంతా శ్రమ నుంచే పుట్టిందన్నది ఆ ఊహ. 1870ల నుంచి, అంటే జెవన్స్, మెంగర్, వాల్రాస్ రచనలు వచ్చిన నాటి నుంచి, ఆర్థికవేత్తల్లో అత్యధికులు దాన్ని అంగీకరించడం లేదు. వస్తువు విలువను కొనేవారి అవసరం, దొరికే పరిమాణం కలిసి నిర్ణయిస్తాయని వారి వాదన. ఆస్ట్రియాకు చెందిన బోమ్ బవెర్క్ ఇంకో అభ్యంతరం చెప్పాడు. కార్మికుడికి వేతనం ఈ నెలలోనే అందుతుంది, వస్తువు అమ్ముడై డబ్బు చేతికి రావడానికి నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది. ఈ రోజు చేతిలో ఉన్న డబ్బుకూ రేపు రాబోయే డబ్బుకూ మనుషులు ఒకే విలువ ఇవ్వరు. ఆ వ్యవధిని భరించినవాడికి దక్కేదాన్ని మొత్తంగా దోపిడీ అనడం సరికాదని ఆయన అన్నాడు. వస్తువు అమ్ముడుపోకపోతే నష్టాన్ని ఎవరు మోస్తారన్న ప్రశ్న కూడా దీనికి తోడుగా ఉంది.

నాకు ఎక్కువ ముఖ్యమనిపించే అభ్యంతరం చరిత్రకు సంబంధించినది. గుమాస్తా గారు చెప్పిన సంఘటన, ప్రైవేటు యజమాని లేని చోట కూడా అచ్చంగా అలాగే జరిగింది. 1935 ఆగస్టులో సోవియట్ యూనియన్‌లోని దోన్‌బాస్ గనిలో స్టఖానవ్ అనే కార్మికుడు ఒక్క షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తవ్వినట్టు ప్రకటించారు. అది నిర్ణీత పరిమాణానికి 14 రెట్లు. ఆయన పేరుతో ఉద్యమం నడిచింది, రికార్డులు వచ్చాయి, బహుమతులు వచ్చాయి. 1936లో పరిశ్రమలన్నిటా రోజువారీ పని పరిమాణాలను పెంచారు. నిన్న అదనపు కూలి తెచ్చిన పని నేడు కనీస పని అయింది. 1940 జూన్ 26న వచ్చిన ఉత్తర్వు అనుమతి లేకుండా ఉద్యోగం మానడాన్ని నేరంగా మార్చి జైలు శిక్ష విధించింది. "ఇష్టం లేకపోతే మానుకోవచ్చు" అన్న మాట మీకు ఎంత డొల్లగా వినిపించినా, ఆ డొల్ల హక్కు కూడా అక్కడ లేదు. 1980లో పోలండ్‌లోని గ్డాన్స్క్ ఓడల నిర్మాణ కేంద్రంలో స్వతంత్ర కార్మిక సంఘం కోసం సమ్మె చేసినవారు కార్మిక రాజ్యం అని చెప్పుకున్న దేశంలోనే ఆ సమ్మె చేయవలసి వచ్చింది. ఆస్తి ఎవరి పేరున ఉందన్న ఒక్క ప్రశ్నతో ఈ సమస్య తేలదని నా అభిప్రాయం.

జవాబు: మాజీ మిల్లు కార్మికుడు

ఇద్దరు పెద్దలూ విలువ గురించి చక్కగా రాశారు. నేను నూలు మిల్లులో ఇరవై ఆరేళ్లు పనిచేసి, అందులో తొమ్మిదేళ్లు సంఘం కార్యదర్శిగా ఉన్నాను. నా అనుభవంలో తగాదా ఎప్పుడూ విలువ సిద్ధాంతం దగ్గర మొదలు కాలేదు. అది రెండు విషయాల దగ్గర మొదలయ్యేది. మొదటిది, ఎవరు ఎంతకాలం ఆగగలరు. రెండోది, పని వేగాన్ని ఎవరు నిర్ణయిస్తారు.

మొదటి విషయాన్ని సోషలిస్టులెవరూ కాదు, ఆడమ్ స్మిత్ 1776లోనే చెప్పాడు. తగాదా వచ్చినప్పుడు యజమాని కూడబెట్టుకున్న నిల్వ మీద ఏడాది రెండేళ్లు గడుపుకోగలడని, పని లేకపోతే వారం నెట్టుకురాలేని కార్మికులే ఎక్కువని, నెల గడిపేవారు కొద్దిమందేనని, ఏడాది గడిపేవారు దాదాపు ఉండరని ఆయన రాశాడు. కూలి తగ్గించడానికి యజమానులు కూడబలుక్కోవడాన్ని నిషేధించే చట్టం ఒక్కటీ లేదని, కూలి పెంచమని కార్మికులు ఏకం కావడాన్ని నిషేధించే చట్టాలు మాత్రం చాలా ఉన్నాయని కూడా ఆయనే రాశాడు. ఆ తరువాత 1799, 1800 సంవత్సరాల్లో బ్రిటన్‌లో వచ్చిన చట్టాలు కార్మిక సంఘాలను పూర్తిగా నిషేధించాయి, 1824 దాకా అవి అమలులో ఉన్నాయి. పని ఒప్పందాన్ని యజమాని ఉల్లంఘిస్తే అది సివిల్ వ్యవహారం, కార్మికుడు ఉల్లంఘిస్తే అది జైలుకు పంపదగిన నేరం. ఈ తేడా ఆ దేశంలో 1875లో గానీ పోలేదు. స్వేచ్ఛగా కుదిరిన ఒప్పందం గురించి మాట్లాడేటప్పుడు ఈ తేదీలను ఎవరూ గుర్తుచేయకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. సంతకం పెట్టే చేయి స్వేచ్ఛగానే ఉంటుంది. ఆ చేయి ఎన్ని రోజులు ఖాళీగా ఉండగలదన్నదే అసలు ప్రశ్న.

రెండో విషయం వేగం. మేము మొదట్లో ఒక్కొక్కరం రెండు ఫ్రేములు, అంటే నూలు వడికే యంత్రాలు, చూసేవారం. తెగిన దారాన్ని అతికి, మరో చివరకు నడిచి, అక్కడ తెగినదాన్ని అతకాలి. కొన్నాళ్లకు మూడు ఫ్రేములు ఇచ్చారు. జీతం కొద్దిగా పెరిగింది కూడా. కానీ మధ్యలో ఒక నిమిషం స్తంభానికి ఆనుకుని పక్కవాడితో మాట్లాడే వీలు పోయింది. ఆ ఒక్క నిమిషం ఏ జీతం చీటీలోనూ ఉండదు, దాని విలువను ఏ అర్థశాస్త్రమూ లెక్కగట్టలేదు, అయినా అది పోయాక పనికీ నాకూ ఉన్న సంబంధమే మారిపోయింది. సాయంత్రం ఇంటికి వెళ్లినా కాళ్లు ఇంకా ఫ్రేముల మధ్య నడుస్తున్నట్టే ఉండేది. సోషలిస్టులు పరాయీకరణ అని ఒక పెద్ద మాట వాడతారు. నాకు అర్థమైనంతవరకు అది ఇదే, నా చేతులు చేసే పని ఎంత వేగంగా, ఎలా, ఎందుకోసం సాగాలో నా తల నిర్ణయించకపోవడం.

అమెరికా ఇంజినీరు ఫ్రెడరిక్ టేలర్ 1911లో శాస్త్రీయ నిర్వహణ మీద పుస్తకం రాశాడు. ఆయన కార్మికుల పక్షం కాదు. స్టాప్‌వాచీ పట్టుకుని ప్రతి కదలికనూ కొలిచి, పనిని గురించి ఆలోచించే బాధ్యతను కార్మికుడి నుంచి తీసి మేనేజర్ గదికి తరలించాలన్నవాడు ఆయన. అంతటి ఆయన కూడా ఒక నిజం ఒప్పుకున్నాడు. కార్మికులు కావాలని నెమ్మదిగా పనిచేయడానికి ముఖ్య కారణాల్లో ఒకటి, ఎక్కువ పని చేసి చూపిస్తే పీసు రేటు తగ్గిస్తారన్న అనుభవమేనని రాశాడు. గుమాస్తా గారూ, మీ ఫ్యాక్టరీలో ఆ ఆడవాళ్లు 80 దాటి 85 పీసులకు చేరే ప్రయత్నం ఎప్పటికీ చేయకపోతే దానికి సోమరితనం అని పేరు పెట్టకండి.

హెన్రీ ఫోర్డ్ సంగతి కూడా చెప్పాలి. 1913లో ఆయన హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను వచ్చింది. ఆ ఏడాది కార్మికులు మానిపోయే రేటు సుమారు 370 శాతం, అంటే నూరు మంది పనిలో నిలవాలంటే ఏడాదిలో ఇంచుమించు 370 మందిని కొత్తగా చేర్చుకోవలసి వచ్చింది. 1914 జనవరిలో ఆయన రోజుకు 5 డాలర్ల వేతనం, 8 గంటల పని ప్రకటించాడు. దాన్ని ఔదార్యంగా చెప్పే కథలే ఎక్కువ. ఆ 5 డాలర్లలో దాదాపు సగం లాభంలో వాటా పేరుతో ఇచ్చారు. అది దక్కాలంటే కార్మికుడి ఇల్లు, అలవాట్లు సక్రమంగా ఉన్నాయని కంపెనీ విచారణాధికారులు ఇంటికి వచ్చి తేల్చాలి. లైను వేగాన్ని భరించలేక మనుషులు పారిపోతుంటే వారిని నిలపడానికి ఇచ్చిన ధర అది.

అధ్యాపకురాలు గారు చెప్పిన స్టఖానవ్ ఉదాహరణను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మా సంఘంలో కొందరు ఒప్పుకోరు, అది వారి ఇష్టం. వేగాన్ని పై నుంచి ఎవరో నిర్ణయించి, కింద ఉన్నవారికి కాదనే హక్కు లేకపోతే, తలుపు మీద ఏ జెండా ఎగురుతున్నా పని చేసేవాడి నడుము ఒకేలా నొప్పిపెడుతుంది. కానీ దీన్నుంచి తేలేది పెట్టుబడిదారీ విధానం బాగుందని కాదు, కార్మికుడి మాట చెల్లని ఏ ఏర్పాటూ సోషలిజం కాదని.

తిరిగి ప్రశ్న: జీతాల గుమాస్తా

అందరికీ ధన్యవాదాలు. 4 గంటలు, 3 గంటలు అన్న లెక్కను కాగితం మీద మళ్లీ వేసుకున్నాను, సరిపోయింది. ఒక సందేహం మిగిలింది. కొత్త పరికరాల వల్ల అదనంగా వచ్చిన 20 పీసులు మొత్తం కార్మికులకే చెందాలని సోషలిస్టులు అంటారా? అలాగైతే రేపు మిషను పాడైతే కొత్తది ఎవరు కొనాలి? పని గంటలు తగ్గించినా, రేటు నిలబెట్టినా ఫ్యాక్టరీ మూతపడుతుందని యాజమాన్యం అంటోంది, ఆ భయం నాకూ ఉంది.

జవాబు: పాత చదువరి

మొత్తం కార్మికులకే అన్న కోరికను మార్క్స్ స్వయంగా తోసిపుచ్చాడు. 1875లో జర్మన్ కార్మిక పార్టీ గోథా పట్టణం పేరుతో పిలిచే తన కార్యక్రమ ప్రకటనలో, శ్రమ ఫలం ఏ కోతా లేకుండా సమాజ సభ్యులకు చెందాలని రాసుకున్నారు. ఆయన ఆ వాక్యాన్ని తీవ్రంగా విమర్శిస్తూ ముందుగా తీసివేయవలసిన భాగాలను వరుసగా చెప్పాడు. అరిగిపోయిన యంత్రాలకు బదులు కొత్తవి కొనడానికి, ఉత్పత్తిని విస్తరించడానికి, ప్రమాదాలు, ప్రకృతి వైపరీత్యాల నిధికి, పరిపాలనకు, బడులకు, వైద్యానికి, పని చేయలేనివారి పోషణకు తీసి ఉంచాకే మిగిలినది పంచాలన్నాడు. కాబట్టి మీ మిషను గురించి ఆయనకు దిగులు లేకపోలేదు. ఎంత తీసి ఉంచాలి, ఎందుకు ఖర్చు పెట్టాలి అన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలన్నదే వివాదం. మీ దగ్గర ఆ 20 పీసుల గురించిన నిర్ణయం ఒక్క గదిలో జరిగింది, కుట్టినవారికి నోటీసుగా చేరింది.

మూతపడే భయానికి చాలా పాత చరిత్ర ఉంది. 1837లో ఆక్స్‌ఫర్డ్ ఆర్థికవేత్త నస్సో సీనియర్, పత్తి మిల్లులు నడిచే పదకొండున్నర గంటల్లో నికర లాభం మొత్తం ఆఖరి గంటలోనే పుడుతుందని, ఆ గంటను తగ్గిస్తే లాభమంతా పోతుందని లెక్క చూపించాడు. బ్రిటన్ 1847లో స్త్రీలకు, 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 10 గంటల పరిమితి విధించింది. పత్తి పరిశ్రమ ఆ తరువాతి ఏళ్లలో పెరిగింది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒప్పందంగా పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితిని ఆమోదించింది. ప్రతి తగ్గింపుకూ ముందు ఇదే భయం వినిపించింది. అలాగని ఏ ఫ్యాక్టరీకీ నష్టం రాదని నేను చెప్పను. ఒక్క ఫ్యాక్టరీయే రేటు నిలబెట్టి మిగిలినవన్నీ తగ్గిస్తే ఆ ఒక్కటి నిజంగానే దెబ్బతినవచ్చు. అందుకే ఆ పరిమితులు చట్టాలుగా, అందరికీ ఒకేసారి వచ్చాయి. కార్మికులే యజమానులైన సహకార సంఘాలకు కూడా ఈ చిక్కు తప్పదని, పోటీలో నిలవడానికి వారు తమ మీద తామే యజమానుల్లా వ్యవహరించవలసి వస్తుందని సోషలిస్టు నాయకురాలు రోజా లక్సెంబర్గ్ హెచ్చరించింది.

బోమ్ బవెర్క్ అభ్యంతరం గురించి ఒక్క మాట. వ్యవధిని భరించేవాడికి ప్రతిఫలం ఉండాలంటే, నెలంతా పని చేసి నెలాఖరున జీతం తీసుకునే కార్మికురాలు యజమానికి ముప్పై రోజుల అప్పు ఇస్తున్నట్టే. దానికి వడ్డీ ఏ పద్దులోనైనా రాశారా అని గుమాస్తా గారిని అడగాలనిపిస్తోంది.

జవాబు: మాజీ మిల్లు కార్మికుడు

రేపు మీరు చేయగలిగింది చెబుతాను. పని పద్ధతిలో మార్పు లేకుండా రేటు మార్చకూడదన్న షరతు, కొత్త రేటు కట్టే ముందు పని సమయాన్ని కొలిచేటప్పుడు కార్మికుల తరఫు మనిషి పక్కన ఉండాలన్న షరతు, రెండూ చాలా చోట్ల సంఘాలు ఒప్పందాల్లో రాయించుకున్నవే. సమయం కొలిచిన కాగితాలు మీ ఆఫీసులో ఉన్నాయా? అందరికంటే చురుకైన మనిషిని నిలబెట్టి కొలిచారా, మామూలు మనిషినా? ముందు ఆ సంగతి తెలుసుకోండి. రేటు మీద మాట్లాడడానికి అదే మొదటి మెట్టు.

జీతాల గుమాస్తా

నెల జీతానికి వడ్డీ ఎక్కడా రాయలేదు. సమయం కొలిచిన కాగితాలు వెతికాను, ఒకే ఒక్క కార్మికురాలి పేరు ఉంది, ఆమె లైనులో అందరికంటే వేగంగా కుట్టే మనిషి. ఇంతకాలం పీసుల సంఖ్య ఒక పుస్తకంలో, వేతనం మరో పుస్తకంలో రాస్తూ వచ్చాను. ఈ వారం రెండేళ్ల అంకెలను ఒకే కాగితం మీద పక్కపక్కన రాశాను. ఆ రోజు అడిగినావిడ నిన్న మళ్లీ వచ్చింది. ఎక్కువే కుట్టారని చెప్పి, ఆ కాగితం ఆమె ముందు పెట్టాను.